చిరునవ్వు ఎవరి సొత్తు?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఒర్లాండో నగర సమీపాన, డిస్నీ వరల్డ్ అనే మహా వినోదోద్యానం ఉన్నది. 2008లో అక్కడ ఒక సిక్కు సోదరుడు టపా బట్వాడా చేసే ఉద్యోగంలో చేరాడు. మన పోస్టుమాన్ సోదరులు ప్రతిదినం చేసే పనే అతడూ చేసేవాడు. వచ్చిన ఉత్తరాలను వేరుచేసుకొని, నియమిత మార్గంలో కార్యాలయాలకు చేరవేయడమే ఆ పని. తోటి ఉద్యోగులు వంతుల ప్రకారం అన్ని బీట్లకూ వెళ్ళేవారు. అతనికి మాత్రం సందర్శకుల కంటపడని ఒకే ఒక్క బీటును కేటాయించారు. అతడు ఉత్తరాలు తారుమారు చేశాడన్న ఆరోపణ లేదు. ఆలస్యంగా వచ్చాడన్న ఫిర్యాదు లేదు. అతని తలపాగా, గడ్డం ఆ సంస్థ తన ఉద్యోగులకు నిర్ణయించిన రూపానికి సరిపడకపోవడమే కారణం!

సిక్కుల హక్కుల సంస్థ ఒకటీ, అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియనూ కలిసి గట్టిగా నిలదీసిన మీదట, 2015లో యాజమాన్యం దిగివచ్చింది. తలపాగాతో, గడ్డంతో అన్ని బీట్లకూ వెళ్ళడానికి అతనికి అనుమతి లభించింది. ఏడేళ్ళపాటు ఒక కార్మికుణ్ణి కంటికి కనపడకుండా దాచి ఉంచిన నియమం ఒక్క లేఖతో, ఒక్క ఆందోళనతో సడలిపోయింది. సడలిన మరునాడు ఆ ఉద్యానంలో ఏ ఉపద్రవమూ సంభవించలేదు. ఉత్తరాలు యథాప్రకారం చేరాయి. పిల్లలు యథాప్రకారం నవ్వుకున్నారు.

మరి ఏడేళ్ళపాటు ఆ నియమం ఎవరి అవసరానికి అమలయింది? ఈ ప్రశ్న ఒక్క డిస్నీ ఉద్యోగికి సంబంధించినది కాదు. నియమ నిబంధనల మధ్యనే జీవితమంతా గడిపే రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనం ఈ ప్రశ్నను నిదానంగా పరిశీలించవలసి ఉన్నది.

నాటకశాల పేరిట నడిచే కర్మాగారం

1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్ పట్టణంలో వాల్ట్ డిస్నీ తన మొదటి ఉద్యానాన్ని ప్రారంభించాడు. 1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో, 1983లో టోక్యో వద్ద, 1992లో పారిస్ సమీపాన అటువంటివే వెలిశాయి. వాటన్నిటిలోనూ ఒక విచిత్రమైన భాష చెలామణీలో ఉన్నది. అక్కడ ఉద్యోగి అనే మాట వాడరు, నటబృంద సభ్యుడు అంటారు. టిక్కెట్టు కొన్నవాడు అతిథి. యూనిఫాం అనరు, వేషం అంటారు. సందర్శకులు తిరిగే చోటు రంగస్థలం. కార్మికులు భోజనం చేసే గదులు, గిడ్డంగులు, సొరంగ మార్గాలు తెరవెనుక భాగం. కొత్తగా చేరినవారికి ఈ భాష నేర్పే శిక్షణ విభాగానికి ఏకంగా విశ్వవిద్యాలయమనే పేరు పెట్టారు.

ఈ పేర్లు పైకి ముచ్చటగా కనిపిస్తాయి. కాని పేరు మారితే హక్కు కూడా మారుతుందన్న సంగతి కార్మికోద్యమంలో నలిగినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఉద్యోగికి పని గంటలుంటాయి, వేతన స్కేలు ఉంటుంది, ఓవర్‌టైము ఉంటుంది. నటబృంద సభ్యునికి పాత్ర మాత్రమే ఉంటుంది. ఊడ్చేవాడు, టిక్కెట్టు చించేవాడు, వంటగదిలో పాత్రలు కడిగేవాడు, అందరూ నటులే అయినప్పుడు, వారి శ్రమతో పాటు వారి ముఖం, జుట్టు, గోళ్ళు, మాట, నవ్వు అన్నీ ప్రదర్శనలో భాగమైపోతాయి. ప్రదర్శన యాజమాన్యానిది గనుక అవన్నీ యాజమాన్యానివే అవుతాయి.

అమలులో ఉండిన నియమాలను చూడండి. దశాబ్దాల తరబడి అక్కడ పురుషులకు మీసం నిషిద్ధం, గడ్డం నిషిద్ధం. జుట్టు ఎంత పొడవుండాలో, స్త్రీల గోళ్ళు ఏ కొలతలో ఉండాలో, చెవిపోగులు ఎంత పరిమాణం మించరాదో పుస్తకంలో రాసి ఉంచారు. పచ్చబొట్టు కనబడరాదు. సందర్శకునికి దారి చూపేటప్పుడు ఒక్క వేలితో చూపరాదు, రెండు వేళ్ళతో గాని అరచేతితో గాని చూపాలి. మిక్కీ ఎలుక, ప్లూటో కుక్క వంటి బొమ్మల వేషంలో ఉన్నవారు నోరు మెదపరాదు. తాము ఏ బొమ్మ వేషం ధరిస్తున్నదీ బయట ప్రచారం చేసుకోరాదు. వీటన్నిటికీ పైన అలిఖిత శాసనం ఒకటి: ఎండైనా వానైనా, ఒంట్లో బాగున్నా బాగులేకున్నా చిరునవ్వు చెదరరాదు.

ఇందులోని వైచిత్రి ఏమంటే, ఈ సామ్రాజ్యాన్ని స్థాపించిన వాల్ట్ డిస్నీ మహాశయుడికి చక్కని మీసం ఉండేది. ఆయన తన సొంత ఉద్యానంలో గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొని ఉంటే, ముందు మంగలి దుకాణానికి వెళ్ళిరమ్మని పంపించి ఉండేవారు!

1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విమాన పరిచారికల పనిని పరిశీలించి ఒక గ్రంథం వెలువరించారు. చేతితో, మెదడుతో చేసే శ్రమ వలెనే, మనసులోని భావాన్ని అణచి ముఖాన మరొక భావాన్ని నిలపడం కూడా శ్రమే అని ఆమె నిరూపించారు. దానిని మనం భావశ్రమ అని పిలుచుకోవచ్చు. కౌంటరు దగ్గర కూర్చొని రోజుకు వందల మంది విసుగును భరించే బుకింగ్ క్లర్కుకు, పొదుపు ఖాతాల వరుస ఎదుట కూర్చొనే పోస్టల్ అసిస్టెంటుకు ఈ శ్రమ అనుభవపూర్వకంగా తెలిసినదే. తేడా ఒక్కటే. మన ఉద్యోగంలో అది పనితో పాటు వచ్చే భారం. వినోదోద్యానంలో అదే అమ్ముడుపోయే సరుకు. సరుకుగా అమ్ముతున్నప్పుడు దానికి ధర కట్టారా అన్నదే అడగవలసిన ప్రశ్న.

నియమాలన్నీ ఒకే జాతివి కావు

ఇక్కడ మనం తొందరపడి నియమాలన్నిటినీ ఖండించరాదు. నియమం విలువ ఎరిగినవారిలో రైల్వే కార్మికుడే ప్రథముడు. లైన్ క్లియర్ లేనిదే బండి కదలరాదు. ఇద్దరు స్టేషన్ మాస్టర్లు ప్రైవేటు నంబరు మార్చుకోవలసిన చోట మార్చుకోనిదే పని ముందుకు సాగరాదు. 1976 నాటి జనరల్ రూల్సులో ఉన్న వాక్యాలు ఎన్నో ఒక్కొక్క ప్రమాదం నేర్పిన పాఠాలు. సంచి మీద ముద్ర చెక్కుచెదరకుండా ఉన్నదా అని ఆర్.ఎం.ఎస్. ఉద్యోగి చూడడం కూడా అటువంటిదే. ఈ నియమాలు మన మీద స్వారీ చేయడానికి వచ్చినవి కావు. ప్రయాణికుని ప్రాణాన్ని, పేదవాని మనియార్డరును, మన ఉద్యోగాన్ని కాపాడడానికి వచ్చినవి. అందుకే యాజమాన్యమే వాటిని ఉల్లంఘించమని ఒత్తిడి చేసినప్పుడు, నిబంధనల ప్రకారమే పని చేస్తామని మనం ఉద్యమించిన సందర్భాలు ఉన్నాయి. నియమాన్ని అక్షరాలా పాటించడమే నిరసనగా మారే పరిశ్రమ మనది.

వినోదోద్యానంలోనూ ఇటువంటి నియమాలు లేకపోలేదు. ఎత్తున తిరిగే చక్రం మీద నడుము పట్టీ బిగించనిదే మీట లాగరాదన్న నియమాన్ని ఎవరు కాదంటారు? అంతెందుకు, బొమ్మ తలను పిల్లల ఎదుట తీసివేయరాదన్న నియమం కూడా సమంజసమే. నాలుగేళ్ళ పసివాని ఆనందం కోసం లోపలి మనిషి తన ముఖాన్ని దాచుకోవడం ఆ పనిలోనే ఉన్న ధర్మం. మన ఊళ్ళలో పగటివేషగాళ్ళు, బుర్రకథ కళాకారులు పాటించిన నియమమే అది. అక్కడి కార్మికులు కూడా దీనిని ప్రశ్నించలేదు. తమ పని పట్ల వారిలో చాలామందికి నిజమైన గర్వం ఉన్నది.

కాని తెరవెనుక ఉత్తరాలు పంచేవాడికి గడ్డం ఉండరాదన్న నియమం ఏ ప్రమాదాన్ని నివారించింది? ఏ పసివాని ఆనందాన్ని కాపాడింది? దీనికి యాజమాన్యం చెప్పే జవాబు ఎప్పుడూ ఒక్కటే: ఇది మా వ్యాపారానికి అత్యవసరం. ఆ అత్యవసరం చరిత్ర ఎలా నడిచిందో చూడండి. మీసం అత్యవసరంగా నిషిద్ధమన్నారు, 2000 సంవత్సరంలో అనుమతించారు. గడ్డం కుదరదన్నారు, 2012లో కురచ గడ్డాన్ని అనుమతించారు. తలపాగా కనబడరాదన్నారు, 2015లో తగ్గారు. పచ్చబొట్టు, స్త్రీ పురుషులకు వేరువేరు జుట్టు, వేషం అన్న కట్టుబాట్లను 2021లో సడలించారు. ఒక్కొక్క నియమం పోయినప్పుడల్లా గేటు ముందు వరుస తగ్గిందా? తగ్గలేదు. అంటే అత్యవసరమని చెప్పినది పని అవసరం కాదు, యజమాని అభిరుచి మాత్రమే. యజమాని అభిరుచి కార్మికుని చర్మం మీద ముద్రగా పడడాన్ని క్రమశిక్షణ అనలేము.

చిరునవ్వు వెనుక జరిగినది

ముఖం మీది మీసాన్ని కొలబద్దతో కొలిచిన చోట, లోపలి సంగతులు ఎలా ఉండేవి?

ఫ్లోరిడాలో బొమ్మల వేషం వేసే కార్మికులకు పైదుస్తులతో పాటు లోదుస్తులు కూడా సంస్థే ఇచ్చేది. పని ముగిశాక తిరిగి అప్పగించాలి. మరునాడు వేరొకరు తొడిగి ఉతుకుకు వేసినదే మనకు రావచ్చు. అవి శుభ్రంగా ఉతకకుండానే వస్తున్నాయనీ, పేలు, గజ్జి వంటి చర్మవ్యాధులు అంటుకుంటున్నాయనీ కార్మికులు మొర పెట్టుకున్నారు. చివరకు టీమ్‌స్టర్స్ యూనియన్ ఈ విషయాన్ని బేరసారాల బల్ల మీదికి తెచ్చింది. 2001లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఎవరి లోదుస్తులు వారికే కేటాయించి, ఇంటికి తీసుకుపోయి ఉతుక్కొనే హక్కు ఇచ్చారు. ఇరవై ఒకటవ శతాబ్దంలో, ప్రపంచంలోకెల్లా సంపన్నమైన దేశంలో, ఇతరుల లోదుస్తులు ధరించకుండా ఉండే హక్కు కోసం యూనియన్ సంతకాలు చేయవలసి వచ్చింది!

ఈ సంగతి విని నవ్వేవారు ఒక్క క్షణం ఆగాలి. యూనిఫాం బట్ట నాణ్యత గురించి, బూట్ల గురించి, వాన కోటు గురించి, ఉతుకుడు భత్యం గురించి మన సంఘాలు ఎన్ని తీర్మానాలు చేయలేదు? 2017లో డ్రెస్ అలవెన్సులో కలిసిపోకముందు ఆ వాషింగ్ అలవెన్సు కొద్ది రూపాయలే కావచ్చు. కాని దాని వెనుక ఒక సూత్రం ఉన్నది. నీ అవసరం కోసం నేను ఒక దుస్తు ధరిస్తే, దాని ఖర్చు, దాని శుభ్రత నీ బాధ్యత. చిన్న కోర్కెలో పెద్ద సూత్రం ఇమిడి ఉండడం కార్మికోద్యమంలో కొత్త కాదు.

2004 ఫిబ్రవరిలో అదే ఉద్యానంలో ప్లూటో వేషంలో ఉన్న ఒక కార్మికుడు ఊరేగింపు శకటం కిందపడి మరణించాడు. వృత్తి భద్రతా శాఖ విధించిన జరిమానా 6,300 డాలర్లు. గోళ్ళ పొడవు దగ్గర చూపిన కాఠిన్యానికి, ప్రాణం ఖరీదు దగ్గర కనిపించిన ఉదారతకు ఎంత దూరం!

ఇక వేతనాల సంగతి. 2018 ఫిబ్రవరిలో, యూనియన్ల కూటమి తోడ్పాటుతో, కాలిఫోర్నియా ఉద్యాన కార్మికులలో సుమారు 5,000 మందిని ప్రశ్నించి ఒక నివేదిక ప్రకటించారు. తమకు వచ్చే జీతం నెలవారీ కనీస అవసరాలకు చాలదని 73 శాతం మంది చెప్పారు. గడిచిన రెండేళ్ళలో ఏదో ఒక సమయంలో తలదాచుకొనే ఇల్లు లేకుండా గడిపామని 11 శాతం మంది చెప్పారు. కాగితపు కోటలో రాకుమారి వేషం వేసి, రాత్రికి కారులో నిద్రించేవారు ఆ వరుసలో ఉంటే ఆశ్చర్యం లేదు. అదే సంవత్సరం నవంబరులో అనహైమ్ పౌరులు ఓటింగు ద్వారా, నగరం నుండి రాయితీలు పొందే విడిది వ్యాపారాలు గంటకు కనీసం 15 డాలర్లు చెల్లించాలన్న శాసనాన్ని ఆమోదించారు. అది తమకు వర్తించదని కంపెనీ వాదించింది. కార్మికులు న్యాయస్థానానికి వెళ్ళారు. వర్తిస్తుందని 2023లో అప్పీలు కోర్టు తేల్చిన తరువాత, 2024 డిసెంబరులో కంపెనీ 23.3 కోట్ల డాలర్ల రాజీకి అంగీకరించింది. లబ్ధి పొందేవారు 50,000 మందికి పైమాటే.

ఇక్కడ మనం గ్రహించవలసిన సంబంధం ఒకటున్నది. రూపం మీద కాఠిన్యమూ, వేతనం మీద కాఠిన్యమూ రెండు వేరువేరు విషయాలు కావు. నీ ముఖం కూడా నీది కాదని ఉదయం ఒప్పించగలిగిన యజమాని, నీ జీతం కూడా మా దయ అని సాయంకాలం ఒప్పించగలడు. ప్రతిదినం గోళ్ళు చూపించి, జుట్టు చూపించి, సరే అనిపించుకొని లోపలికి వెళ్ళే అలవాటు పడినవాడికి, తల ఎత్తి కూలి అడగడం కష్టమవుతుంది. ఇది యాదృచ్ఛికం కాదు, పద్ధతి.

గుండీ మీది పిడికిలి

అయినా వారు తల ఎత్తారు. ఇది మనకు ఉత్సాహం కలిగించే అధ్యాయం. డిస్నీ సంస్థ కార్మికులకు పోరాటం కొత్త కూడా కాదు. 1941లో బొమ్మల చిత్రకారులు సమ్మె చేశారు. 1984లో అనహైమ్ ఉద్యాన కార్మికులు జీతాల స్తంభనకు వ్యతిరేకంగా 22 రోజులు సమ్మె సాగించారు.

2024లో ఆ ఉద్యానంలో నాలుగు యూనియన్లకు చెందిన సుమారు 14,000 మంది కొత్త ఒప్పందం కోసం ఉద్యమించారు. మిక్కీ ఎలుక తెల్లని చేతితొడుగు పిడికిలి బిగించి పైకెత్తినట్లు ఒక గుండీని ముద్రించి, వేషం మీద ధరించారు. వేషం మీద అనుమతి లేనిది ధరించరాదన్న నియమాన్ని చూపించి యాజమాన్యం చర్యలు తీసుకున్నదనీ, ఆ విధంగా 600 మందికి పైగా కార్మికులను బెదిరించడమో శిక్షించడమో జరిగిందనీ యూనియన్లు జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు ఫిర్యాదు చేశాయి. యూనియన్ చిహ్నం ధరించడం కార్మికుని హక్కు అని, ప్రత్యేక కారణాలు చూపించలేనంత వరకు యజమాని దానిని నిషేధించలేడని, అమెరికా సుప్రీంకోర్టు 1945లోనే ఒక విమాన కర్మాగారం కేసులో చెప్పి ఉన్నది. దాదాపు ఎనభై ఏళ్ళ తరువాత అదే మాట మళ్ళీ చెప్పించవలసి వచ్చింది.

మీసం నియమం అసలు రంగు బయటపడేది ఇక్కడే. రూపాన్ని శాసించే అధికారం మొదట జుట్టుతో మొదలవుతుంది, చివరకు బ్యాడ్జీ దగ్గరికి వస్తుంది. కోర్కెల దినాన మనం నల్ల బ్యాడ్జీ ధరించినప్పుడు మెమోలు అందుకున్న అనుభవం మనలో ఎందరికో ఉన్నది. ఆ రేకు ముక్కకు యజమానులు భయపడేది దాని బరువు చూసి కాదు. అది వేలమంది ఛాతీల మీద ఒకే దినాన కనిపిస్తుంది గనుక.

ఫలితమేమిటి? జూలైలో సమ్మెకు అనుకూలంగా 99 శాతం ఓట్లు పడ్డాయి. సమ్మె అవసరం లేకుండానే నెలాఖరుకు ఒప్పందం కుదిరి, కనీస వేతనం గంటకు 24 డాలర్లకు పెరిగింది. అంతకుముందే, మే నెలలో, అదే ఉద్యానంలో బొమ్మల వేషధారులు, ఊరేగింపు కళాకారులు 953 అనుకూల ఓట్లు, 258 వ్యతిరేక ఓట్లతో నటీనటుల యూనియన్‌ను తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. నోరు మెదపరాదన్న నియమంలో బతికినవారు ఓటుతో నోరు విప్పారు.

గీటురాయి ఏది?

ఏ నియమం సమంజసం, ఏది కాదు అని తేల్చడానికి ఒక గీటురాయి కావాలి. ఫ్రాన్సు దేశ కార్మికులు దానిని 1982లోనే చట్టంలో సాధించుకున్నారు. అక్కడి కార్మిక మంత్రి ఓరూ పేర ప్రసిద్ధమైన శాసనాల ప్రకారం, సంస్థ అంతర్గత నిబంధనలు కార్మికుని స్వేచ్ఛను పరిమితం చేయదలిస్తే, ఆ పరిమితి చేసే పని స్వభావానికి అవసరమై ఉండాలి, సాధించదలచిన ప్రయోజనానికి తగినంత మాత్రమే ఉండాలి. 1992లో పారిస్ సమీపాన డిస్నీ ఉద్యానం వచ్చినప్పుడు, అమెరికా నుండి దిగుమతి అయిన రూప నియమాలను ఫ్రెంచి యూనియన్లు వ్యక్తి స్వేచ్ఛపై దాడిగా ఖండించగలిగాయి. వారి చేతిలో ఈ గీటురాయి ఉన్నది గనుకనే అది సాధ్యమైంది.

మన దేశంలోనూ ఇటువంటి పోరాటం జరగలేదని అనుకోరాదు. ఎయిర్ ఇండియా విమాన పరిచారికలు మొదటి గర్భం ధరించగానే ఉద్యోగం కోల్పోవాలన్న నియమం ఉండేది. 35 ఏళ్ళకే విరమణ, ఆపైన కొనసాగింపు మేనేజింగ్ డైరెక్టరు ఇష్టం. నర్గీస్ మీర్జా కేసుగా పేరొందిన వివాదంలో 1981లో సుప్రీంకోర్టు గర్భధారణ నియమాన్ని, డైరెక్టరు నిరంకుశ విచక్షణను కొట్టివేసింది. అయితే ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు వివాహం చేసుకోరాదన్న నియమాన్ని మాత్రం నిలబెట్టింది. సగం గెలుపు. న్యాయస్థానం ఒక్కటే సరిపోదనడానికి అది కూడా నిదర్శనమే.

మన సొంత ప్రవర్తనా నియమావళి చరిత్ర మరీ బోధనాత్మకం. ప్రదర్శనలలో పాల్గొనరాదనీ, గుర్తింపు లేని సంఘంలో సభ్యులు కారాదనీ ప్రభుత్వోద్యోగులను శాసించిన నియమాలు ఉండేవి. 1962లో సుప్రీంకోర్టు రెండు తీర్పులలో ప్రదర్శనల నిషేధాన్నీ, సంఘ సభ్యత్వ నిషేధాన్నీ రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. సమ్మె హక్కును మాత్రం ఒప్పుకోలేదు. ఆ తీర్పులలో ఒకదాని వెనుక 1960 జూలై సమ్మెలో శిక్షలు అనుభవించిన ఉద్యోగుల త్యాగం ఉన్నది. 1974 మే సమ్మెలో విచారణ లేకుండానే ఉద్యోగాలు తీసివేయడానికి రైల్వే క్రమశిక్షణా నియమాలలోని 14వ నిబంధన రెండవ ఖండం ఎలా ఆయుధమైనదో వేరే చెప్పనక్కరలేదు. నియమం రాసేవాడు ఒక్కడే అయితే, అది ఎప్పుడైనా ఆయుధంగా మారవచ్చు.

మన ముంగిట

ఈ చర్చ ఇప్పుడు ఎందుకు? 1989లో ముంబయిలో ఎస్సెల్ వరల్డ్ వచ్చిన నాటి నుండి మన దేశంలో వినోదోద్యానాలు పెరుగుతూ వచ్చాయి. హైదరాబాదు శివార్లలో 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో వండర్‌లా వెలిశాయి. ఏ ఒక్క సంస్థనో వేలెత్తి చూపడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఈ రంగంలో పనిచేసే యువతీ యువకుల చేతిలో ఏ రక్షణ ఉన్నదన్నదే ప్రశ్న.

1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం ఒక మేలైన సూత్రాన్ని నెలకొల్పింది. యజమాని తన నియమాలను రాతపూర్వకంగా ప్రకటించాలి, కార్మికుల అభ్యంతరాలు వినాలి, అధికారి వాటి న్యాయాన్ని పరిశీలించి ధ్రువీకరించాలి. 100 మంది ఉన్న పారిశ్రామిక సంస్థలకు అది వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను 300కు పెంచింది. అనగా 299 మందితో నడిచే ఉద్యానంలో నవ్వు కొలతను, జుట్టు కొలతను, నిలబడే గంటలను నిర్ణయించే నియమాలను ఎవరికీ చూపించనక్కరలేదు, ఎవరి చేతా ధ్రువీకరింపజేసుకోనక్కరలేదు. కాంట్రాక్టర్ల మధ్య ముక్కలుగా పంచితే 300 అనే అంకె చేరడమే గగనం.

ఇది బయటివారి సమస్య అని మనం ఊరుకోగలమా? కొన్ని రైళ్ళలో ఆహారం వడ్డించే పరిచారికలు, స్టేషన్లను శుభ్రం చేసేవారు కాంట్రాక్టు సంస్థల కింద పని చేస్తున్నారు. వారు మన ప్లాట్‌ఫారం మీదే నిలబడతారు, మన యూనియన్ జాబితాలో మాత్రం ఉండరు. వారికి వేషం ఉన్నది, నవ్వు ఉన్నది, నియమం ఉన్నది. ఆ నియమం రాసేటప్పుడు వారి పక్షాన మాట్లాడే గొంతు మాత్రం లేదు. రేపు ఆ పద్ధతి బుకింగ్ కౌంటరుకూ తపాలా కౌంటరుకూ రాదని హామీ ఏదీ లేదు.

కాబట్టి మన సమాఖ్య కొన్ని స్పష్టమైన కోర్కెలను తన కార్యక్రమంలో చేర్చుకోవాలని ఈ రచయిత అభిప్రాయం. సేవారంగంలో కార్మికుని రూపాన్ని, ప్రవర్తనను శాసించే ప్రతి నియమమూ, సంస్థ పరిమాణంతో నిమిత్తం లేకుండా, రాతపూర్వకంగా ఉండాలి, కార్మిక ప్రతినిధులతో చర్చించిన పిమ్మటే అమలు కావాలి. పని స్వభావానికి అవసరం లేని ఆంక్ష చెల్లరాదు. మత విశ్వాసానికి సంబంధించిన తలపాగాకు, తలముసుగుకు, గడ్డానికి రక్షణ ఉండాలి. వేషం ఖర్చు, ఉతుకుడు ఖర్చు యజమాని భరించాలి, వేషం తొడగడానికి పట్టే సమయం పని సమయంగా లెక్క కావాలి. మండుటెండలో మూసిన వేషం ధరించేవారికి నిర్ణీత విరామం, నీరు, నీడ ఉండాలి. యూనియన్ బ్యాడ్జీ ధరించడం నేరం కారాదు.

ఇంకొక మాట. మన శాఖా సంఘాలున్న పట్టణాల దగ్గర ఇటువంటి ఉద్యానం ఉంటే, అక్కడి కార్మికులను మన సభలకు ఆహ్వానించాలి. మనకు కార్యాలయాలున్నాయి, అనుభవజ్ఞులున్నారు, ఛార్జిషీటుకు జవాబు రాయగలవారున్నారు. వారికి అవేమీ లేవు. 1960లోనూ 1974లోనూ మనం ఒంటరిగా లేము, ఇతర కార్మికులు మన పక్షాన నిలిచారు. ఆ రుణం తీర్చుకొనే మార్గం ఇది.

చిరునవ్వు మంచిదే. ప్రయాణికునికి, ఖాతాదారునికి, పసివానికి మనం నవ్వుతో ఎదురుపడడం మన సంస్కారం. కాని ఆ నవ్వు కడుపు నిండిన మనిషి నవ్వు కావాలి, తన ముఖం తనదేనని నమ్మిన మనిషి నవ్వు కావాలి. ఆజ్ఞాపించి పుట్టించిన నవ్వు వేషం తీసినంతనే రాలిపోతుంది. హక్కుతో పుట్టిన నవ్వు మాత్రమే ఇంటిదాకా వస్తుంది. కార్మికుని శ్రమను యజమాని కొనుక్కొని ఉండవచ్చు. ఆ మనిషిని మాత్రం కొనలేదు. సోదర కార్మికులారా, ఆ ఒక్క మాటను చట్టంలోనూ ఒప్పందంలోనూ రాయించే పని మన ముందున్నది.